కేఫ్‌లో వేప్ వద్దని చెప్పడం ఎలా? గొడవ లేకుండా

మా ఊళ్లో ఎవరైనా చుట్ట ముట్టిస్తే వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోయేది. ఒంగోలు దగ్గర పొగాకు ఎండబెట్టే బ్యారన్ల మధ్య పెరిగినవాణ్ణి, పొగ ఎక్కడున్నా నా ముక్కు పట్టేస్తుందని ధీమాగా ఉండేవాణ్ణి. విజయవాడలో 40 సీట్ల కేఫ్ పెట్టాక ఆ ధీమా కాస్తా పోయింది. ఒక సాయంత్రం మూల టేబుల్ వైపు నుంచి మామిడిపండు వాసన వస్తుంటే, కొత్త రూమ్ ఫ్రెష్‌నర్ బాగుందిరా అని సర్వర్ కుర్రాణ్ణి మెచ్చుకున్నాను. వాడు నవ్వు ఆపుకుంటూ, "ఫ్రెష్‌నర్ కాదు సార్, ఆ అన్న చేతిలో ఉన్నది చూడండి" అన్నాడు. చూస్తే హైలైటర్ పెన్నులా ఉంది, పసుపు రంగులో. వేప్ అట, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్. ఆ అబ్బాయి దాన్ని పీల్చి, పొగను చొక్కా కాలర్‌లోకి వదులుతున్నాడు.

ఆ తర్వాత నేను చేసిన తప్పులు, దిద్దుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. హోటల్ నడిపేవాళ్లకు, ఆఫీసులో అడ్మిన్ చూసేవాళ్లకు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి

మన దేశంలో ఈ-సిగరెట్ల మీద నిషేధం 2019 సెప్టెంబర్ 18 నుంచి ఉంది. మొదట ఆర్డినెన్స్‌గా వచ్చి, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50,000 వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ వరసలో ఒక మాట లేదు, గమనించారా? వాడకం. "అమ్మితే తప్పు గానీ, పీలిస్తే తప్పని ఎక్కడుంది?" అని అడిగే కస్టమర్ మీకు తప్పకుండా తగులుతాడు. సిగరెట్లకు 2003 నాటి చట్టం ఉంది కదా, అందరూ కోట్పా అంటారే, అదుందిలే అనుకుంటే అక్కడా ఒక చిక్కు. పొగ తాగడమంటే పొగాకును తాగడం అని అందులో నిర్వచనం రాసి ఉంది. ఆ పెన్నులో ఉన్న మామిడి రసం పొగాకు అవునా కాదా అని క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ఓపిక నాకు లేదు, మీకూ ఉండదు.

కాబట్టి చట్టాన్ని వెనక పెట్టుకోండి, ముందు మాత్రం మీ సొంత రూల్ పెట్టండి. స్థలం మీది. చెప్పులు బయట విప్పమని చెప్పినట్టే ఇదీ చెప్పొచ్చు. అందుకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కానీ ఆ రూల్ రాసి, కనబడేలా పెట్టి ఉండాలి. అప్పటికప్పుడు నోటితో పుట్టించిన రూల్‌ని ఎవరూ ఒప్పుకోరు.

రూల్ రాసుకోవడం

నేను మొదట "లోపల వేపింగ్ నిషేధం" అని రాయించాను. మర్నాటి నుంచి ముగ్గురు నలుగురు మెట్ల మీద చేరారు. తలుపు తెరిచినప్పుడల్లా వాళ్లు వదిలిన మబ్బు ఏసీ గాలితో కలిసి లోపలికే వచ్చేది. "మేం బయటే ఉన్నాం కదా అంకుల్" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, నా బోర్డే అలా ఉంది.

ఇప్పుడున్నది ఇది: "ఈ ఆవరణలో, అంటే లోపల, మెట్ల మీద, బాత్‌రూమ్‌లో, డాబా మీద, పార్కింగ్‌లో, సిగరెట్, బీడీ, చుట్ట తాగరాదు. ఈ-సిగరెట్, వేప్, పాడ్, ఈ-హుక్కా కూడా వాడరాదు, నికోటిన్ ఉన్నా లేకపోయినా." కాస్త పొడుగే. కానీ ఇందులో ప్రతి మాటా ఒక గొడవ తర్వాత చేరింది. పార్కింగ్ అన్న మాట డెలివరీ కుర్రాళ్లు ఆర్డర్ కోసం బళ్ల మీద కూర్చునే చోటు గురించి. "నికోటిన్ ఉన్నా లేకపోయినా" అన్నది ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్ వల్ల. తన దాంట్లో ఉత్త ఫ్లేవరే అని డబ్బా కూడా చూపించాడు. 2019 చట్టం కూడా ఈ తేడా చూడదు. ఏదైనా పదార్థాన్ని వేడి చేసి పీల్చడానికి ఆవిరిలాంటిది పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా, నికోటిన్ ఉన్నా లేకున్నా, ఏ ఆకారంలో ఉన్నా, ఏ పేరుతో ఉన్నా ఈ-సిగరెట్టే. పొగాకును కాల్చకుండా వేడి మాత్రమే చేస్తాయంటూ హీట్ నాట్ బర్న్ అని అమ్మేవి కూడా అందులోకే వస్తాయి.

30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్లు, 30 గదుల హోటళ్లు విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకోవడానికి కోట్పాలో వీలుంది. మీకు అలాంటిది ఉంటే దాని తలుపు మీద "స్మోకింగ్ అండ్ వేపింగ్ జోన్" అని మాత్రం రాయించకండి. ఆ వెసులుబాటు పొగాకుకు ఇచ్చింది. ఈ-సిగరెట్ల చట్టంలో జోన్లూ గీన్లూ ఏమీ లేవు. అమ్మకమే నిషేధమైన వస్తువుకి మీరు కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

బోర్డు

"నో స్మోకింగ్" బోర్డు మీద ఖాళీ ఉంది కదా అని అందులోనే వేప్ బొమ్మ ఇరికించకండి. ఆ బోర్డుకి కోట్పా కింద వచ్చిన 2008 రూల్స్‌లో కొలతలున్నాయి: కనీసం 60 సెంటీమీటర్లు అడ్డం, 30 నిలువు, తెల్లటి నేల, ఎర్రటి వలయం, లోపల అడ్డగీత పడిన సిగరెట్ లేదా బీడీ బొమ్మ, కింద హెచ్చరిక. గుమ్మం దగ్గర ఒకటి, అంతస్తులుంటే ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ మనిషి పేరు కూడా కనబడాలి. దాన్ని అలాగే ఉంచి, దాని కిందే మీ సొంత బోర్డు ఇంకొకటి పెట్టుకోండి.

బొమ్మ విషయంలో ఒక మాట. ఫ్లెక్స్ షాపు అతను నాకు పాత రకం ఈ-సిగరెట్ బొమ్మ వేసిచ్చాడు, అచ్చం సిగరెట్‌లా తెల్లగా, కొసన ఎర్ర లైటుతో. ఇప్పుడు వాడేవి అలా లేవు. పెన్‌డ్రైవ్‌లా, లిప్‌స్టిక్‌లా, చిన్న జ్యూస్ డబ్బాలా ఉంటున్నాయి. అందుకే బొమ్మ కంటే "వేప్" అన్న మాటనే పెద్దక్షరాల్లో రాయించండి. వాడేవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది, మనకి అంతే కావాలి. టేబుల్ మీద మెనూ స్టాండులో ఒక చిన్న చీటీ పెడితే గోడ మీది బోర్డు కంటే బాగా పనిచేసింది. ఆర్డర్ ఇచ్చేదాకా చదవడానికి వాళ్లకు వేరే ఏముంటుంది పాపం.

మొదటి అర నిమిషం

అసలు పని ఇక్కడుంది. ఎవరు చెబుతున్నారు, ఏ మాటతో మొదలుపెడుతున్నారు అన్నదాన్ని బట్టే అది అక్కడితో ఆగుతుందా, గొడవవుతుందా తేలిపోతుంది.

మొదటిసారి నేనే వెళ్లాను. నేరుగా టేబుల్ ముందు నిలబడి, ఊపిరితిత్తులు, కెమికల్స్ అంటూ రెండు నిమిషాలు క్లాసు పీకాను. అంతా విని ఆ అబ్బాయి, "అంకుల్, మీ మిర్చి బజ్జీ నూనె ఎన్నో వాయి?" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి మా దగ్గర ఆరోగ్యం గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. చూసిన సర్వర్ మంచినీళ్ల జగ్గు పట్టుకుని పక్క నుంచి వెళ్తాడు. ఎదురుగా నిలబడడు. గ్లాసు నింపుతూ, ఆ ఒక్కరికే వినబడేలా, "సార్, అది ఇక్కడ వద్దండీ, మా దగ్గర రూల్" అంటాడు. అనేసి ఆగడు, పక్క టేబుల్‌కి వెళ్లిపోతాడు. ఆ వెళ్లిపోవడమే ముఖ్యం. అక్కడే నిలబడి చూస్తుంటే ఫ్రెండ్స్ ముందు ఆ మనిషికి పరువు సమస్య వస్తుంది. మనం కదిలితే మెల్లగా జేబులో పెట్టేసుకుంటారు. మా దగ్గర ఎక్కువ మందితో ఇక్కడితోనే అయిపోతుంది.

సర్వర్లతో దీన్ని రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయించండి. నవ్వుతారు, చేయించండి. మా వాడొకడు "సార్ ప్లీజ్ సార్, ఏమనుకోకండి సార్, మా ఓనర్ తిడతాడు సార్" అనేవాడు. అలా అంటే అది మీ రూల్ కాదు, మీ ఓనర్ చాదస్తం అని అర్థమవుతుంది. పొట్టిగా, మర్యాదగా, ఒక్కసారి చెబితే చాలు. అమ్మాయిలు వాడుతుంటే "మేడమ్" అని అదే మాట, అదే గొంతుతో. అబ్బాయిల్ని చూసీ చూడనట్టు వదిలేసి అమ్మాయిల్ని మాత్రం వింతగా చూసే అలవాటు మన స్టాఫ్‌లో ఉంటుంది. అది ముందే కట్ చేయాలి.

రెండోసారి తీస్తే సర్వర్ వెళ్లకూడదు, మేనేజర్ వెళ్లాలి. పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి ఐదుగురు కూర్చున్న టేబుల్ మీదికి రెండోసారి పంపడం అన్యాయం. అప్పుడు వచ్చే వాదనలు లెక్కపెట్టినన్నే, వాటికి జవాబులు ముందే అనుకుని ఉంచుకోండి.

"ఇది ఉత్త ఆవిరే." కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్, చాలావాటిలో నికోటిన్ కలిసిన సన్నటి తుంపర అది. పైగా గోడకున్న స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ తిప్పుతుంది. కానీ ఇదంతా మీకు తెలిసి ఉండటానికి. కస్టమర్‌తో "ఆవిరైనా సరే సార్, ఇక్కడ వద్దు" అంటే చాలు.

"పక్క కేఫ్‌లో ఏమీ అనరు." అయితే సంతోషం సార్, మా దగ్గర మాత్రం ఇంతే.

"అమెరికాలో ఎక్కడపడితే అక్కడ వాడతాం." సెలవులకి వచ్చిన బావగారో తమ్ముడో అయి ఉంటాడు. అక్కడైనా ఎక్కడపడితే అక్కడ కుదరదు. న్యూజెర్సీ 2010లోనే ఇండోర్ పొగ నిషేధంలో ఈ-సిగరెట్లను కలిపేసింది. కాలిఫోర్నియాలో 2016 నుంచి పనిచేసే చోట్లన్నింటికీ అదే రూల్. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ కలిపి చట్టం లేదు, ఏ ఊరి రూల్ ఆ ఊరిదే. ఎడిసన్‌లోనో, ఫ్రిస్కోలోనో రెస్టారెంట్ నడుపుతూ ఇది చదివేవాళ్లుంటే మీ ఊరి రూల్ ఒకసారి చూసుకుని అదే బోర్డు మీద రాయించండి. సింగపూర్ నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఈ వాదన ఎత్తరు, అక్కడ 2018 నుంచి దగ్గర పెట్టుకోవడమే నేరం.

మూడోసారి కూడా తీస్తే కొత్త ఆర్డర్ తీసుకోవద్దు. ఉన్నది పార్సిల్ కట్టి బిల్లు ఇచ్చేయండి. అప్పుడు కూడా గొంతు పెంచొద్దు, ఫోన్‌లో వీడియో తీయొద్దు. చెయ్యి లేపితే 112కి ఫోన్ చేయండి, అది వేప్ కేసు కాదు, వేరే కేసు.

లాక్కోకండి, దాచుకోకండి

ఈ తప్పు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. మా పాత మేనేజర్‌కి కాలేజీ లెక్చరర్ బుద్ధి. వేప్ కనబడితే తీసుకుని, "వెళ్లేటప్పుడు తీసుకెళ్లు బాబూ" అనేవాడు. సగం మంది అడగడానికి మొహం చెల్లక వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు చిల్లర కోసం క్యాష్ కౌంటర్ కింది సొరుగు తీస్తే, మర్చిపోయిన ఇయర్‌ఫోన్లు, బండి తాళాలు, ఒంటరి చెవి దుద్దు ఒకటి, వాటి మధ్య రబ్బర్ బ్యాండ్ వేసి నాలుగు వేపులు. చీటీల మీద తేదీలు కూడా రాసి అంటించాడు, నీట్‌గా.

వకీలుగా పనిచేసే ఫ్రెండ్‌కి చెబితే నవ్వలేదు. ఒక స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్లు తెలిసి తెలిసి అక్కడ ఈ-సిగరెట్ల సరుకు నిల్వ ఉండనిస్తే అదే నేరం, దానికే ఆ ఆరు నెలలు, 50,000. మరిచిపోయిన ఒకటి నిల్వ కాదని వాదించొచ్చు. తేదీలు రాసి కట్ట కట్టిన నాలుగింటికి ఆ వాదన ఎంత బలంగా ఉంటుందో మీరే చెప్పండి. పైగా సోదా చేయడం, స్వాధీనం చేసుకోవడం ఆ చట్టం కింద సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గని అధికారుల పని. మనం బ్యాగులు వెతకకూడదు, వస్తువు గుంజుకోకూడదు, "వేప్ ఫైన్ 500" అని బిల్లులో కలపకూడదు. లోపల పెట్టేయండి, లేదా బయటికి వెళ్లండి అనడం వరకే మన హద్దు.

ఎవరైనా టేబుల్ మీద మర్చిపోతే? కస్టమర్ ఇంకా గుమ్మం దాటకపోతే పిలిచి తీసుకుపొమ్మంటాం. వెళ్లిపోతే పోయిన వస్తువుల రిజిస్టర్‌లో టైము, టేబుల్ నంబర్ రాసి, అదే రోజు స్టేషన్‌కి ఫోన్ చేసి అప్పగిస్తాం. ఇంత అవసరమా అంటారు. ఆ సొరుగు చూశాక నాకు అవసరమే అనిపించింది. మీ వకీలు వేరేలా చెబితే వారి మాటే వినండి.

చెత్తబుట్టలో మాత్రం పడేయకండి. వాడి పారేసే రకం వేపుల్లో కూడా లిథియం బ్యాటరీ ఉంటుంది. చెత్త బండిలో నలిగితే నిప్పు అంటుకోవచ్చు. హౌస్‌కీపింగ్ ఆవిడకి ఒకటి చూపించి, బుట్టలో ఇలాంటిది కనబడితే తడి చెత్తతో కలపొద్దని చెప్పి ఉంచండి.

బాత్‌రూమ్

టేబుల్ దగ్గర ఆపితే అక్కడికి వెళ్తారు, తప్పదు. తలుపు లోపలివైపు, కూర్చుంటే కళ్లకు ఎదురుగా ఒక స్టిక్కర్ అంటించండి. స్మోక్ డిటెక్టర్ ఉంటే "ఈ పొగకి అలారం మోగవచ్చు" అని దాని మీద రాయండి. అబద్ధమేమీ కాదు, కొన్ని రకాల డిటెక్టర్లు వేప్ మబ్బుకి నిజంగానే మోగుతాయి. కెమెరా పెడదామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బాత్‌రూమ్‌లో కెమెరా అన్న మాట కూడా వినకండి, అది వేప్ కంటే పెద్ద నేరం.

మీ గోడ నీడలో అమ్మకం

వాడకం సంగతి అటుంచి, అమ్మకాన్ని మాత్రం ఒక్క రోజు కూడా చూసీ చూడనట్టు వదలొద్దు. కేఫ్ ముందు స్కూటీ ఆపుకుని, బ్యాగులోంచి తీసి కాలేజీ పిల్లలకు అమ్మే మనిషి ఉన్నాడనుకోండి. లేదా మీరే అద్దెకిచ్చిన పాన్ డబ్బాలో అడిగినవాళ్లకి లోపలి నుంచి తీసిస్తున్నారనుకోండి. మీ స్థలం అయితే మీకు తెలిసీ ఊరుకున్నారన్న మాట వస్తుంది. అద్దె కాగితంలో ఒక లైను చేర్చండి, స్టేషన్‌లో చెప్పండి. కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఇలాంటి ఫిర్యాదుల కోసం ఆన్‌లైన్ పోర్టల్ కూడా పెట్టింది. తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త: 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్ల మీద నిషేధం బిల్లుని అక్కడి అసెంబ్లీ పాస్ చేసింది. మామూలు హుక్కా తీసేసి "ఎలక్ట్రానిక్ హుక్కా" పెడదామనుకునేవాళ్లకి 2019 చట్టం అడ్డం ఉంది.

మీ ఇన్‌స్టా పేజీ కూడా ఒకసారి తిరగేయండి. మబ్బులు వదులుతూ పోజిచ్చిన కస్టమర్ ఫొటో మా పేజీలోనే దొరికింది, "వైబ్స్" అని మేమే రాశాం. తీసేశాం.

లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, ఆఫీసులు

లాడ్జీలో చెక్-ఇన్ ఫారం మీద ఈ రూల్ రాసి సంతకం తీసుకోండి. గది శుభ్రం చేసే చార్జీ ఏదైనా ఉంటే అది కూడా అక్కడే ఉండాలి, ఖాళీ చేసేటప్పుడు బయటికి తీస్తే గొడవే.

ఫంక్షన్ హాల్లో అగ్రిమెంట్ కాగితం కంటే మనిషి ముఖ్యం. సంగీత్ రాత్రి పెళ్లికొడుకు ఫ్రెండ్స్‌కి సెక్యూరిటీ గార్డు చెబితే ఎవరు వింటారు? పెళ్లివారిలో మాట చెల్లే పెద్దమనిషిని, మేనమామనో బాబాయినో, ముందే పట్టుకుని చెప్పి ఉంచండి. ఆయన వచ్చి "ఒరేయ్" అంటే చాలు.

ఆఫీసులో అపాయింట్‌మెంట్ పేపర్లలో, హెచ్‌ఆర్ పాలసీలో "పొగ తాగడం" అన్నచోటల్లా వేప్ కూడా కలపండి. టీమ్ లీడ్‌కి ఒక రూలు, ట్రైనీకి ఒక రూలు అయితే వారంలో అందరికీ తెలిసిపోతుంది.

మీ స్టాఫ్

నిజానికి ఇది అన్నిటికంటే ముందు చేయాల్సింది. నేను చివర చేశాను. మామిడి వాసన అబ్బాయిని బయటికి పంపిన నెలకి, వెనక వంటగది గుమ్మంలో మా వంటాయనే నీలం రంగు డబ్బా ఒకటి పీలుస్తూ కనబడ్డాడు. సిగరెట్ మానడానికే అన్నాడు. పాతికేళ్లుగా రోజుకి పెట్టె తాగే మనిషి. ఏమనగలను? ఇక్కడ వద్దన్నాను. అలవాటు మానడానికి మందుల షాపులో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, అది మందుల చట్టం కింద లైసెన్స్ ఉన్నది కాబట్టి ఈ నిషేధంలోకి రాదు, డాక్టర్‌ని అడిగి వాడమన్నాను. సిగరెట్ పెట్టెల మీద అచ్చయ్యే క్విట్‌లైన్ నంబర్, 1800-11-2356, ఉచితం, అది కాగితం మీద రాసి స్టాఫ్ గదిలో అద్దం పక్కన అంటించాను.

మూడు వారాల తర్వాత చూస్తే ఆ నంబర్ కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు: "తెలుగులోనే మాట్లాడతారు."